ఐదో పోస్టు నీలం జెండా

మే 15, ఆదివారం

జెండా ఊపాను. బాగా ముందే ఊపాను. ఇది ముందు రాసి పెట్టుకుంటున్నాను.

మే 16, సోమవారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇవాళ టీ తాగాక కాస్త నయం. ఈ డైరీ విత్తనాల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. రోజుకి నాలుగు గీతలే ఉన్నాయి. పట్టకపోతే పక్కకీ కిందికీ రాసుకుంటాను. ఎవరు చూడొచ్చారు.

జరిగింది ఇది. స్కేథార్ప్ మైదానంలో నిన్న మూడో రేసు, పదిహేను చుట్లు. పన్నెండో చుట్టులో మేం జెండాలతో నిలబడే ఐదో పోస్టు ముందు, కొట్టం మలుపు దగ్గర, అందరికంటే ముందున్న డంకన్ స్పెన్స్ కారూ, అందరికంటే వెనకబడ్డ లెస్లీ విటమ్ కారూ తగులుకున్నాయి. డంకన్ అప్పటికి ఒక చుట్టు ఎక్కువ తిరిగి లెస్లీ వెనక్కి వచ్చేశాడు. లోపలి వైపు నుంచి దాటబోయాడు. లెస్లీ ఎప్పటిలాగే మలుపు తిరిగాడు. చక్రం చక్రాన్ని తాకింది. డంకన్ కారు అడ్డం తిరిగి, టైర్ల గోడ మీద నుంచి లేచి మట్టిగట్టుకి కొట్టుకుంది.

డంకన్‌కి ఇరవై రెండేళ్ళు. ఈ ఏడే రేసుల్లోకి వచ్చాడు. తలుపు కోసి బయటికి తీశారు. కోస్తున్నంతసేపూ అరవలేదు. "నా బూటు ఒకటి ఊడిపోయింది, ఎవరైనా చూడండి," అని రెండుసార్లు అన్నాడు. తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయట.

లెస్లీకి దెబ్బ తగల్లేదు. దిగివచ్చి గడ్డిలో కూర్చున్నాడు. హెల్మెట్ తీయలేదు. నేను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మా పోస్టుకి పెద్ద క్లిఫ్. రిపోర్టు అతనే రాశాడు. పదమూడేళ్ళకే బడి మానినదాన్ని, నా స్పెల్లింగు సంగతి అతనికి తెలుసు.

"ఎనిడత్తా, నీలం ఊపావా?"

"ఊపాను."

"ఎంత ముందు?"

"చాలా ముందు."

"అయితే 'తగినంత ముందుగా' అని రాస్తాను. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాను. నిజమే కదా రాశాడు.

మే 17, మంగళవారం

నీలం జెండా అంటే ఏమిటి. నీ వెనక నీకంటే ఒక చుట్టు ముందున్నవాడు వస్తున్నాడు, దారి ఇవ్వు అని. అంతే. అది చూపించడం నా పని. దారి ఇవ్వడం లెస్లీ పని. దాటేటప్పుడు చూసుకోవడం డంకన్ పని. నా పని నేను చేశాను.

మా ఆయన వాల్టర్ పోయినప్పటి నుంచి పదకొండేళ్ళు, ఒక్క ఆదివారం మానలేదు. ఆయన జెండా, ఆయన నారింజ రంగు ఓవరాల్, చేతులు మడిచి కుట్టుకున్నాను. జలుబు చేసినా వెళ్ళాను. పన్ను పీకించుకున్న మర్నాడు కూడా వెళ్ళాను.

చూరు నీళ్ళ గొట్టం మళ్ళీ కారుతోంది. గోడ నానుతుందేమో.

మే 18, బుధవారం

క్లిఫ్ ఫోన్ చేశాడు. డంకన్ తండ్రి రాయ్ స్పెన్స్ ఫిర్యాదు ఇచ్చాడట. తప్పంతా లెస్లీదేనని, ఇలాంటివాణ్ణి మళ్ళీ ట్రాక్ ఎక్కనివ్వకూడదని. విచారణ జూన్ 8న. క్లబ్బు పెద్దలు ముగ్గురు కూర్చుంటారు. అప్పటిదాకా లెస్లీ లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉంటుంది. తప్పు అతనిదని తేలితే ఇక ఇవ్వరు.

"నువ్వు రావాలత్తా. భయపడకు. ఉన్నది చెప్పడమే," అన్నాడు.

నాకు భయం ఎందుకు. ఉన్నది చెప్పడమే.

ఏం వేసుకుని వెళ్ళాలో తెలియడం లేదు.

మే 21, శనివారం

గట్టు బాగుచెయ్యడానికి అందరం వెళ్ళాం. టైర్లు మళ్ళీ పేర్చి తాళ్ళతో కట్టాలి. నేను టీ పోశాను. అంబులెన్సు నడిపే ఐవర్‌కీ క్లిఫ్‌కీ వాదన.

"తప్పు దాటేవాడిదే," అన్నాడు ఐవర్. "వెనకవాడికి లోకమంతా ముందే ఉంది. ముందువాడికి ఉన్నది అరచేతంత అద్దం. అందులో సగం వాడి హెల్మెటే."

"మరి జెండా దేనికోయ్? ముక్కు తుడుచుకోవడానికా?"

"జెండా సలహా, క్లిఫ్. హుకుం కాదు. మన క్లబ్బు పుస్తకంలో అలాగే ఉంది."

"మీ ఆవిడ ఇచ్చే సలహా కూడా అలాగే తీసుకుంటావా?"

"అది హుకుమే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"డంకన్‌కి మూడు చుట్లు మిగిలాయి," అన్నాడు ఐవర్. "ఆ మలుపు దాకా ఆగితే ఏం పోయింది? తర్వాతి తిన్నని దారిలో కళ్ళు మూసుకుని దాటొచ్చు."

"రెండోవాడు తోక పట్టుకుని వస్తుంటే ఎలా ఆగుతాడు? లెస్లీకి ఏం పోయిందో అది చెప్పు. చివరివాడు. గెలిచేది లేదు, ఓడేది లేదు. జెండా ఊగుతుంటే ఒక గజం జరగలేడా?"

"జెండా జెండా అంటావు. ఐదో పోస్టు జెండా అంటే..." అని ఐవర్ నా వైపు చూసి ఆగిపోయాడు.

క్లిఫ్, "ఈ టైరు పట్టుకో," అన్నాడు.

ఐదో పోస్టు జెండా అంటే ఏమిటో ఐవర్ చెప్పలేదు. నేనూ అడగలేదు. చక్కెర అయిపోతే తేవడానికి వెళ్ళాను.

మే 24, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళాను. ఎండుద్రాక్ష రొట్టె చేసి తీసుకెళ్ళాను. అడుగు కాస్త మాడింది, అది కోసేశాను. రెండు బస్సులు మారాలి. దారంతా ఆ అబ్బాయి నన్ను చూడనంటాడేమో అనుకుంటూ ఉన్నాను.

కాలు పైకి కట్టి ఉంది, బరువులు వేలాడుతున్నాయి. నన్ను పోల్చుకోలేదు. ఓవరాల్ లేకపోతే ఎవరూ పోల్చుకోరు.

"ఐదో పోస్టు," అన్నాను.

"జెండా అత్తా? కూర్చోండి, కూర్చోండి. అది రొట్టెనా? ఇక్కడ పెట్టేది తింటే రెండో కాలు కూడా విరుగుతుంది."

తిన్నాడు. కడుపు నిండా తినగలడు, ఆ మాత్రం బాగుంది. వెళ్ళొస్తానని లేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. మీ జెండా చూసే నేను లోపలికి దూరాను. నీలం ఊగుతోంది, ఆయనకి తెలిసింది, ఇక తప్పుకుంటాడనుకున్నాను. లేకపోతే ఆగేవాణ్ణే. మీ పని మీరు చేశారు."

బస్సులో చాలా తేలికగా అనిపించింది. దిగాక లేదు.

మే 25, బుధవారం

గ్యాస్ కట్టేశానో లేదోనని సందు చివరి నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చి చూశాను. కట్టే ఉంది.

మే 26, గురువారం

లేకపోతే ఆగేవాణ్ణే అన్నాడు.

మే 27, శుక్రవారం

శుక్రవారం కదా, చేపలకి వెళ్ళాను. లెస్లీ వాళ్ళది చేపలు, బంగాళాదుంప వేపుడు అమ్మే దుకాణం. ఎప్పుడూ తలుపు బయటిదాకా వరుస ఉండేది. ఇవాళ నాతో కలిపి నలుగురమే. నా ముందున్నతను ఎవరో స్పెన్స్ వాళ్ళ చుట్టం అనుకుంటాను.

"ఏం లెస్లీ, నా చేపకైనా దారిస్తావా, దానికీ అడ్డం తిరుగుతావా?"

లెస్లీ ఉప్పు చల్లాడు, కాగితంలో చుట్టాడు, ఇచ్చాడు. అతని ముఖం పిండి రంగులో ఉంది. నన్ను చూసి, "మీకు ఎప్పటిలాగే కదా అత్తా, చిన్నది, ఎక్కువ వేగినది," అన్నాడు. అంతే అన్నాడు.

వీధి మలుపు దాకా వచ్చాక వెనక నుంచి అతని భార్య థెల్మా పరుగెత్తుకొచ్చింది. ఏప్రన్ కూడా విప్పలేదు.

"ఎనిడత్తా, ఒక్క మాట. మీ పోస్టుని డ్రైవర్లంతా ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"ఎనిడత్త దండెం అంటారు. ఎప్పుడు చూసినా నీలం గుడ్డ ఆరేసి ఉంటుందని."

నేను చేపల పొట్లం పట్టుకుని నిలబడ్డాను. వేడిగా ఉంది, చేతులు మార్చుకున్నాను.

"వేళాకోళానికి అంటారేమో," అన్నాను.

"వేళాకోళమే. కానీ నాలుగేళ్ళ నుంచి పాతవాళ్ళెవరూ ఆ జెండా చూడటం మానేశారు. ముందున్నా ఊపుతారు, వెనకున్నా ఊపుతారు, ఇద్దరూ ఒకే చుట్టులో పోటీ పడుతున్నా ఊపుతారు. ఇక అది చూసి ఎవరేం చేస్తారు? లెస్లీ కూడా చూడడు. ఆ మాట విచారణలో చెప్పవయ్యా అంటే చెప్పనంటున్నాడు."

"ఎందుకు చెప్పడు?"

"'ముసలామె ఆదివారాలు దానితోనే గడుస్తున్నాయి థెల్మా, నువ్వు నోరు మూసుకో' అన్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆ బండి తప్ప ఆయనకి వేరే సరదా లేదు. ఏనాడూ ఎవరినీ గీకలేదు. ఇప్పుడు ఒక పిల్లాడి కాలు విరిచినవాడని పేరు. నేను నోరు మూసుకోలేకపోయాను. ఏమనుకుంటారో అనుకోండి."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని వెళ్ళిపోయింది.

చేప తినలేదు.

మే 28, శనివారం

దండెమట. వాళ్ళ మేలు కోరి కదా ఊపాను. పదకొండేళ్ళు వానలో నిలబడితే దండెం. ఇంతకుముందు ఎవరైనా వచ్చి, అత్తా, ఎక్కువ ఊపుతున్నావు అని చెప్పారా? క్లిఫ్ చెప్పాడా? పోస్టు పెద్ద కదా, చెప్పాలి కదా. నవ్వుకోవడం మాత్రం వచ్చు.

థెల్మా తన మొగుడి కోసం ఏమైనా అంటుంది. నేనైనా అంతే.

మే 29, ఆదివారం

విచారణ తేలేదాకా రేసుల్లేవు. ఏం చెయ్యాలో తోచక అల్మరాలన్నీ తుడిచాను.

మే 31, మంగళవారం

క్లిఫ్ చెప్పాడు. ఒకసారి చెప్పాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట. "అత్తా, చుట్ల కాగితం చూసి ఊపు," అన్నాడు. నేను, "అలాగే నాయనా," అన్నాను.

చుట్ల కాగితం అంటే, కారు నెంబర్లు వరుసగా ఉంటాయి, ఏ కారు వెళ్తే దాని ఎదుట గీత పెట్టాలి. ఎవరు ముందు, ఎవరు ఒక చుట్టు వెనక అనేది అందులోనే తెలుస్తుంది. మొదట్లో రెండు చుట్లు పెట్టేదాన్ని. మూడో చుట్టుకి కార్లు గుంపుగా వస్తాయి, కళ్ళజోడు మసకబారుతుంది, ఒక గీత తప్పుతుంది. ఒకటి తప్పితే అంతా తప్పే. ఇప్పుడు మొదటి నుంచే కాగితం టీ పళ్ళెం కింద పెట్టి జెండా పట్టుకుంటాను. ఎవరి వెనక ఎవరు దగ్గరగా వస్తున్నా ఊపుతాను.

ఊపితే నష్టం లేదు కదా అనుకున్నాను. ఊపకపోతేనే కదా ఎవరికైనా ఏదైనా అయ్యేది.

జూన్ 2, గురువారం

రాయ్ స్పెన్స్ దగ్గర వీడియో టేపు ఉందట. అవతలి గట్టు మీద నిలబడి కొడుకు కారుని మొదటి నుంచీ తీశాడట. మా పోస్టు ఎదురుగా కనబడుతుందట. నా జెండా ఊగడం స్పష్టంగా ఉందట.

"ఇక నీకు దిగులే లేదత్తా, టేపే సాక్ష్యం," అని క్లిఫ్ సంతోషపడ్డాడు.

మొదటి నుంచీ తీశాడా అని రెండుసార్లు అడిగాను.

జూన్ 5, ఆదివారం

ఇవాళ పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. నేను జెండా ఊపకుండా వదిలేసిన కారు ఏదైనా ఉందా అని. ఈ ఏడు ఒక్కటి గుర్తు రాలేదు. పోయిన ఏడు కూడా.

ఆఖరి రేసు అయ్యాక కార్లు నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతాయి, మేం అన్ని పోస్టుల్లోనూ ఉన్న జెండాలన్నీ ఊపి వాళ్ళని మెచ్చుకుంటాం, వాళ్ళు కిటికీలోంచి చెయ్యెత్తుతారు. ఆ మే 15న ఆ చుట్టుకి నేను ఊపలేదు. గుర్తున్నది అదొక్కటే.

జూన్ 7, మంగళవారం

నీలం కోటు వేసుకుందామనుకున్నాను. నీలం వద్దు. గోధుమరంగుది ఇస్త్రీ చేశాను.

జూన్ 8, బుధవారం

అయిపోయింది. రాస్తాను, మళ్ళీ రాయలేనేమో.

విచారణ మైదానంలోని పాత కంట్రోల్ టవర్ పై గదిలో పెట్టారు. యుద్ధమప్పుడు అక్కడి నుంచే విమానాలు పంపేవారు. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో మేజర్ గారు, అటూ ఇటూ ఇద్దరు, అందులో ఒకాయన కుర్రవాడే. ఇటు రాయ్ స్పెన్స్ ఒక్కడే. అటు లెస్లీ, పెళ్ళికి వేసుకున్న సూటు కాబోలు, బొత్తాలు పట్టడం లేదు. క్లిఫ్ నా పక్కన.

మేజర్ గారు రిపోర్టు చదివారు. తగినంత ముందుగా అని చదివారు.

"మిసెస్ థాకర్, జెండా మీరే ఊపారా?"

"నేనేనండి."

"ఇది మీ సంతకమేనా?"

"నాదేనండి."

రాయ్ స్పెన్స్ టీవీ తెచ్చుకున్నాడు, టేపు పెట్టాడు. పన్నెండో చుట్టు దగ్గరికి తెచ్చి ఉంచుకున్నాడు. నా జెండా ఊగుతోంది. డంకన్ కారు వచ్చింది. లెస్లీ కారు మలుపు తిరిగింది. అక్కడ ఆపేశాడు. తర్వాతది ఆయన చూడలేడు. ఆపిన చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"స్పష్టంగానే ఉంది," అన్నారు మేజర్ గారు. "మిస్టర్ విటమ్, మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

లెస్లీ లేచాడు. "జెండా ఉంది. నేను మలుపు తిరిగాను. అబ్బాయి త్వరగా కోలుకోవాలి. అంతేనండి."

కూర్చున్నాడు. మేజర్ గారు కలం మూత తీశారు. ఇక రాసేస్తారు.

"ఆ టేపు మొదటి నుంచి వేయండయ్యా," అన్నాను.

క్లిఫ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. మేజర్ గారు, "అవసరం లేదేమోనమ్మా," అన్నారు.

"ఉందండి. మొదటి చుట్టు నుంచి వేయండి."

"వేద్దాం," అన్నాడు రాయ్. "నా కొడుకు పన్నెండు చుట్లు ఎలా నడిపాడో అందరూ చూడాలి. నాకూ అదే కావాలి."

వెనక్కి తిప్పి వేశాడు. మొదటి చుట్టు. కార్లన్నీ గుంపుగా ఒకేసారి మలుపులోకి వస్తున్నాయి. అప్పటికి ఎవరూ ఎవరికీ చుట్టు వెనకబడలేదు. వెనకబడే వీలే లేదు. నా జెండా ఊగుతోంది.

బల్ల వెనక కుర్రాయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వు మింగేశాడు.

రెండో చుట్టు. డంకన్ ముందున్నాడు, అతని వెనక రెండోవాడు. ఇద్దరిదీ పోటీ. ఊగుతోంది. మూడు. నాలుగు. నారింజ రంగు బొమ్మలా ఒక ముసలిది, చెయ్యి పైకీ కిందికీ. నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఒక్కసారైనా దించుతుందేమోనని చూశాను. నాలుగో చుట్టులో జెండా ఎడమ చేతికి మార్చుకుంది, అది కూడా ఊపుతూనే.

ఆరో చుట్టు దగ్గర మేజర్ గారు, "చాలు," అన్నారు.

"చాలదండి," అన్నాను.

పదకొండూ చూశారు.

తర్వాత మేజర్ గారు, కోపంగా కాదు, అలసిపోయినట్టుగా అడిగారు. "ఎందుకమ్మా?"

ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "నేను ముప్ఫై ఏళ్ళు బఠాణీల ఫ్యాక్టరీలో చేశానండి. బెల్టు మీద బఠాణీలు వెళ్తుంటాయి, పాడైనవి ఏరెయ్యాలి. సందేహమొస్తే తీసెయ్ అని మా సూపర్‌వైజరు చెప్పేది. మంచిది ఒకటి పారేసినా నష్టం లేదు, పాడైంది ఒకటి డబ్బాలోకి వెళ్తే నష్టం. అదే నాకు వచ్చు. ఇక్కడా అదే చేశాను. సందేహమొస్తే ఊపు. నాకు సందేహం రాని కారు లేదండి."

"అంటే?"

"అంటే పాతవాళ్ళు నా జెండా చూడటం మానేశారు. లెస్లీ మానేశాడు. ఆయన చెప్పడు కానీ మానేశాడు. ఈ అబ్బాయి కొత్తవాడు, అతనికి తెలియదు. జెండా చూసి లోపలికి దూరానని ఆసుపత్రిలో నాతో అన్నాడు. ఒకాయన నా జెండాని నమ్మలేదు, ఒకాయన నమ్మాడు. ఇద్దరికీ ఊపింది నేనే."

లెస్లీ నేల వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

నిర్ణయం ఉత్తరంలో పంపుతామన్నారు.

కింద కార్ల దగ్గర రాయ్ స్పెన్స్ నా కోసం ఆగాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. టీవీ వైరు చేతికి చుట్టుకుంటూ అన్నాడు. "కొత్తవాడు జెండాని కూడా నమ్మకూడదంటే ఇంకేం చూసి నడపాలి, మిసెస్ థాకర్? మీరే చెప్పండి."

కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

లెస్లీ తన వ్యానులో ఇంటికి దింపాడు. నూనె వాసన. గేటు దగ్గర ఆపి, "ఇదంతా అవసరం లేకపోయింది అత్తా," అన్నాడు.

"నీకు లేదేమో," అన్నాను.

జూన్ 9, గురువారం

పడుకునే ఉన్నాను.

జూన్ 10, శుక్రవారం

చేపలకి వెళ్ళలేదు. థెల్మానే తెచ్చి ఇచ్చింది. చిన్నది, ఎక్కువ వేగినది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మంటే పని ఉందంది. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

జూన్ 13, సోమవారం

క్లిఫ్ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాడు. ఒక్కరిదే తప్పని చెప్పలేమట. రేసులో జరిగిన సంఘటనగా భావిస్తున్నారట. లెస్లీ లైసెన్సు తిరిగి ఇచ్చేస్తున్నారు. అద్దం చూసుకోవాలని అతనికీ, దాటేటప్పుడు ముందున్నవాడు నిజంగా జరిగాడో లేదో చూసుకోవాలని డంకన్‌కీ ఒక మాట రాశారు. పోస్టుల్లో చుట్ల కాగితం తప్పక పెట్టాలని అందరికీ రాశారు.

"నా గురించి?"

"నీ గురించి ఏమీ లేదత్తా. మంచిదే కదా."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. లేదు.

"వచ్చే ఆదివారం కాగితం నేను పెడతాను, నువ్వు జెండా పట్టుకో," అన్నాడు. "నేను ఊ అంటే ఊపు. నేను మొదటే ఆ పని చేసుండాల్సింది. దండెం అని అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను, అది నా తప్పు."

టీ పెట్టి ఇచ్చాను. గోడ నానింది, చూరు గొట్టం చూస్తానని నిచ్చెన వేసి ఎక్కాడు. మంచివాడే.

జూన్ 16, గురువారం

మళ్ళీ ఆసుపత్రికి. ఈసారి రొట్టె చేయలేదు. చేసి తీసుకెళ్ళే ముఖం లేదు. కానీ అతనికి నా నోటితో చెప్పాలి. మిగిలినవాళ్ళంతా విన్నారు, అతనొక్కడూ వినలేదు.

బరువులు తీసేశారు, నడుము నుంచి ప్లాస్టరు వేశారు. నన్ను చూసి కూర్చోండి అనలేదు. నేనే కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు నా పని నేను చేశానన్నావు, నేను నోరు మెదపలేదు," అన్నాను. "అది అబద్ధం బాబూ. నేను చెయ్యలేదు."

"తెలుసు. నాన్న చెప్పారు. టేపు ఇక్కడికే తెప్పించుకుని చూశాను."

"చూశావా?"

"ఎన్నిసార్లో. నర్సు విసుక్కుంది." కిటికీ వైపు చూశాడు. "పదకొండు చుట్లు మీరు నాకే ఊపారు. నేను అందరికంటే ముందున్నాను, నాకు నీలం ఏమిటి? అయినా ఒక్కసారి కూడా నా కంట పడలేదు. పన్నెండో చుట్టులో ఆయన ముందు ఊగినప్పుడే కనబడింది. నాకు కావలసినప్పుడే చూశాను. అది నాన్నకి చెప్పలేదు."

పక్క మంచం ఆయన రేడియోలో క్రికెట్ వింటున్నాడు.

"మళ్ళీ నడుపుతావా?"

"నడుపుతాను. డాక్టరుకి చెప్పకండి."

"నేను అక్కడ ఉండొచ్చంటావా? క్లిఫ్ ఉండమంటున్నాడు. కాగితం తను పెడతాడట."

అతను చాలాసేపు ఆలోచించాడు. మర్యాదకి ఏదో ఒకటి చెప్తాడనుకున్నాను. చెప్పలేదు, అందుకు మెచ్చుకోవాలి.

"మీరుంటే ఆ జెండా నమ్మను అత్తా. చూడకుండానూ ఉండలేను. రెంటికీ మధ్య ఎలా నడపను?"

"నడపలేవు," అన్నాను.

లేచేటప్పుడు చెయ్యి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని లేచాను. కాలు విరిగిన కుర్రవాడు నన్ను లేపాడు.

జూన్ 18, శనివారం

ఓవరాల్ ఉతికి ఇస్త్రీ చేశాను. జెండాతో పాటు క్లిఫ్ వాళ్ళింట్లో ఇచ్చేసి వచ్చాను. అతను వద్దన్నాడు, వాళ్ళావిడ వద్దంది. "ఒక్క సీజను ఆగు అత్తా," అన్నారు. ఆగితే ఇవ్వలేను.

రేపటి నుంచి ఎవరు ఊపుతారని అడిగాను. ఐవర్ కూతురట. లెక్కలు బాగా వస్తాయట. అవసరం లేనప్పుడు దించే ఉంచమని చెప్పమన్నాను. దించి ఉంచడమే కష్టం, అది ముందే నేర్పమన్నాను.

జూన్ 19, ఆదివారం

వాన లేదు. ఉంటే రేసులు ఆపేస్తారేమో అనుకున్నాను.

భోజనమయ్యాక గాలి ఇటు తిరిగింది. మైదానం ఇక్కడికి రెండు మైళ్ళు, గాలి ఇటుంటే ఇంజన్ల చప్పుడు వంటింట్లోకి వస్తుంది. మూడో రేసులో లెస్లీ ఉన్నాడు. అతని బండి చప్పుడు నాకు తెలుసు, సైలెన్సరు చిల్లు పడి దగ్గినట్టుంటుంది. గుంపు ముందు వెళ్ళిపోతుంది, దాని తర్వాత కాసేపటికి దగ్గు వినబడుతుంది.

వెనక తలుపు తీసి మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. విత్తనాల డైరీలోనే, ఇక్కడే, గీతలు పెట్టాను. ఏడో చుట్టులో గుంపు అతని దగ్గరికి వచ్చేసింది. చప్పుళ్ళన్నీ ఒకటైపోయాయి. నా చెయ్యి లేచింది. దాన్ని ఒళ్ళో పెట్టి రెండో చేత్తో పట్టుకున్నాను. గుంపు అతన్ని దాటి వెళ్ళిపోయింది.

తర్వాత దగ్గు వినబడింది. గీత పెట్టాను.

అతనికి పద్నాలుగు గీతలు వచ్చాయి. మిగిలినవాళ్ళకి పదిహేను. ఒక చుట్టు వెనకబడినవాడికి పద్నాలుగే రావాలి.